గునపం అంటే కత్తి కాదురా

చిన్నూ, పండూ,

మొన్న ఫోన్లో పండు అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. పాఠంలో ఎవరి గుండెల్లోనో గునపాలు దిగాయని ఉందట. "గునపం అంటే కత్తిలాంటిదా తాతయ్యా?" అన్నాడు. "గడ్డపార రా" అన్నాను. అదీ తెలియదన్నాడు. వాడి తప్పేముంది, పదో అంతస్తులో మట్టే లేదు, ఇక గడ్డపారతో పనేముంటుంది? అందుకే ఈ ఉత్తరం.

ముందు పేరు సంగతి. మా నల్గొండ వైపు గడ్డపార అంటాం. మీ నానమ్మది గోదావరి వైపు కాబట్టి ఆమెకు అది గునపం. పలుగు అనేవాళ్ళూ ఉన్నారు, రాయలసీమలో గడారి అంటారు. తమిళంలో కడప్పారై అని వింటే మన గడ్డపారకు చుట్టమేననిపిస్తుంది. పెళ్ళయిన కొత్తలో నానమ్మ "గునపం ఇవ్వండి" అంటే నేను కొడవలి తెచ్చి ఇచ్చాను. ఆ ముచ్చట ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

మీరు కార్టూన్లలో దొంగల చేతుల్లో చూసేది వేరు. అది పొట్టిగా, ఒక చివర వంగి, మేకులు పీకడానికి చీలి ఉంటుంది. ఇంగ్లీషులో దాన్ని క్రోబార్ అంటారు, పూర్వం ఉత్త 'క్రో' అనే అనేవాళ్ళు, అంటే కాకి. మన గడ్డపారకు ఆ వంపు లేదు. సుమారు ఐదడుగుల నిటారు ఇనుప కడ్డీ. ఒక కొస సూదిగా, రెండోది ఉలిలా చదునుగా ఉంటుంది. బరువు ఆరేడు కిలోలు. ఆ బరువే దాని బలం. కొత్తగా పట్టినవాళ్ళు దాన్ని నేలలోకి బలవంతంగా పొడవబోయి పది నిమిషాల్లో చేతులు బొబ్బలెక్కించుకుంటారు. తెలిసినవాళ్ళు ఎత్తి, దారి చూపి, దాని బరువుకు దాన్ని పడనిస్తారు. ఎత్తడమే మన పని, దిగడం దాని పని. చప్పుడు వింటే కింద ఏముందో తెలిసిపోతుంది. మట్టిలో పడితే దబ్బుమంటుంది, మొరంలో కరకరమంటుంది. ఖంగుమందంటే బండ తగిలినట్టే, ఇక చోటు మార్చుకోవాలి.

వాడగా వాడగా కొస మొద్దుబారుతుంది. అప్పుడు కమ్మరి కొలిమికి తీసుకెళ్ళేవాళ్ళం. ఆయన కొసను ఎర్రగా కాల్చి, దాగలి మీద పెట్టి, సమ్మెటతో సాగగొట్టి నీళ్ళలో ముంచేవాడు. చుయ్‌మని ఆవిరి లేచేది. ఆ ముంచడంలోనే ఉంది పనితనమంతా. గట్టిదనం మరీ ఎక్కువైతే కొస పెళుసై విరుగుతుంది, తక్కువైతే రాయి తగలగానే వంగుతుంది. ఆయన దగ్గర థర్మామీటర్ ఏమీ ఉండేది కాదు. ఇనుము రంగు చూసే చెప్పేసేవాడు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. మన చేనులో గట్టు పక్కన ఒక బండ ఉండేది. నలుగురం కలిసి నెట్టినా కదల్లేదు. మా నాయన దాని కిందికి గడ్డపార చదును కొస దూర్చి, కొసకు జానెడు లోపే చిన్న రాయి దన్నుగా పెట్టి, రెండో చివర నొక్కమన్నాడు. అప్పటికి నాకు పన్నెండేళ్ళు. బండ లేచింది! చిన్నూ, మీ సైన్సు పుస్తకంలో దీన్నే లీవర్ అంటారు. లెక్క చూడు. గడ్డపార పొడవు 60 అంగుళాలు, దన్ను రాయి కొసకు 6 అంగుళాల దూరంలో ఉందనుకో. చేతి వైపు 54 మిగులుతుంది, అంటే 9 రెట్లు. నువ్వు 20 కిలోల బరువు పెడితే అవతల 180 కిలోలు లేస్తుంది. ఊరికే రాదులే. నీ చెయ్యి 9 అంగుళాలు దిగితే బండ లేచేది ఒక్క అంగుళమే. ఆ అంగుళం సందులో ఒక రాయి దూర్చి, మళ్ళీ దన్ను సర్దుకుని, మళ్ళీ నొక్కాలి. మధ్యాహ్నానికి బండ గట్టు అవతల ఉంది.

ఇక పండు అడిగిన మాట. గుండెల్లో గునపాలు దిగాయంటే భరించలేని బాధ కలిగిందని. కత్తి అనకుండా గునపం అన్నారంటే, అంత బరువుగా, అంత లోతుగా గుచ్చుకుందన్నమాట. నాకెందుకో మన మాటలన్నీ దాని సూది కొసనే పట్టుకున్నాయనిపిస్తుంది. బండలెత్తే చదును కొసను ఎవరూ తలచుకోరు. "పలుగూ పారా పట్టాడు" అంటే మాత్రం ఒళ్ళు వంచి పనిలోకి దిగాడని, అది మంచి మాటే.

ఇంకో సామెత ఉంది: గడ్డపార మింగి శొంఠి కషాయం తాగినట్టు. శొంఠి కషాయం అజీర్తికి మందు. గడ్డపార మింగినవాడికి అదేం చేస్తుంది? ఏడాదంతా పుస్తకం తెరవకుండా పరీక్షరోజు పొద్దున పెరుగూ చక్కెరా తిని వెళ్ళడం లాంటిదన్నమాట. ఎవరి గురించో నేను చెప్పను.

ఇంగ్లీషువాళ్ళు దీన్ని ఇంకోలా వాడతారు. కథలోనో వ్యాసంలోనో ఇమడని విషయాన్ని బలవంతంగా ఇరికిస్తే, క్రోబార్ పెట్టి దూర్చారంటారు. చిన్నూ, నువ్వు పంపిన వర్షం వ్యాసంలో అబ్దుల్ కలాం గారు వచ్చినప్పుడు నాకు ఆ మాటే గుర్తొచ్చింది.

వేసవికి మీరొచ్చాక పెరట్లో మామిడి మొక్కకు గుంత మీచేతే తవ్విస్తాను. ముందురోజు రాత్రి నీళ్ళు పోసి నేల నాననిస్తాను. రెండు మాటలు మాత్రం గుర్తుంచుకోండి. భూమిలో కరెంటు తీగలు పోయినచోట గడ్డపార వెయ్యకూడదు, అది నిలువెల్లా ఇనుమే. పని అయ్యాక గోడకు ఆనించకూడదు, నేల మీద పడుకోబెట్టాలి. చిన్నప్పుడు నేను ఆనించాను. నా కుడికాలి బొటనవేలు గోరు ఎందుకలా వంకరగా ఉందని పండు ఎప్పుడూ అడుగుతుంటాడుగా, అందుకే.

వచ్చేటప్పుడు చెప్పులు కాదు, బూట్లు తెచ్చుకోండి.

మీ తాతయ్య