గోధుమ వేళ్ల దగ్గరి నత్రజని బాక్టీరియా: అపోహలు - వాస్తవాలు

అపోహ: శనగ, సోయా వేళ్లకు ఉన్నట్టే గోధుమ వేళ్లకూ బుడిపెలు వస్తాయి.

రావు. బుడిపె అనేది రైజోబియం అనే బాక్టీరియా కోసం పప్పుజాతి మొక్క కట్టి ఇచ్చే గది. అందులోకి ఆహారం పంపేదీ, ఆక్సిజన్‌ను అదుపులో ఉంచేదీ మొక్కే. గోధుమకు ఆ ఏర్పాటు లేదు. అజోస్పిరిల్లం వంటి బాక్టీరియా దాని వేళ్ల మీది జిగురు పొరలో బతుకుతుంది, కొన్ని రకాలు వేరు కణాల సందుల్లోకీ చేరతాయి. అందుకే గోధుమ మొక్కను పీకి, బుడిపెలు లేవు కాబట్టి కల్చర్ (విత్తనానికి పట్టించే బతికున్న బాక్టీరియా మందు) పనిచేయలేదని తేల్చకండి. బఠానీకి వాడే రైజోబియం కల్చర్‌ను గోధుమ విత్తనానికి పట్టించి, దాని నుంచి నత్రజని అందుతుందనీ ఆశించకండి.

అపోహ: గాలిలో 78 శాతం నత్రజనే కదా, ఈ బాక్టీరియా ఉంటే యూరియా అక్కర్లేదు.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టే మాట ఇదే. దీన్ని నమ్మి ఎరువు మానేసిన రైతుకు ఆ పంట మళ్లీ చేతికి రాదు. టన్ను గోధుమ గింజ పండడానికి పైరు సుమారు 25 కిలోల నత్రజని తీసుకుంటుంది. హెక్టారుకు నాలుగు టన్నులు పండాలంటే 100 కిలోలు కావాలి. వేళ్ల చుట్టూ ఉండే ఈ బాక్టీరియా హెక్టారులో ఏడాదికి స్థిరీకరించేది, అంటే గాలి నుంచి పట్టి మొక్కకు పనికొచ్చే రూపంలోకి మార్చేది, చాలాచోట్ల 20 కిలోల లోపే. ఒక్క నత్రజని అణువును అమ్మోనియాగా మార్చాలంటే ఆ పని చేసే నైట్రోజినేజ్ అనే ఎంజైముకు కనీసం 16 ఏటీపీ (కణానికి శక్తినిచ్చే పదార్థం) అణువులు ఖర్చవుతాయి. ఆ శక్తికి ఆధారం వేరు వదిలే చక్కెరలు, సేంద్రియ ఆమ్లాలు. వాటి కోసం వేలాది ఇతర సూక్ష్మజీవులూ కాచుకుని ఉంటాయి. పైగా స్థిరీకరించిన నత్రజనిలో ఎక్కువ భాగాన్ని బాక్టీరియా తన ఒంటికే వాడుకుంటుంది. అది చచ్చి కుళ్లాకే మొక్కకు అందుతుంది.

ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1843లో మొదలైన బ్రాడ్‌బాక్ గోధుమ ప్రయోగంలో, ఏ ఎరువూ వేయకుండా తరాల తరబడి సాగు చేస్తున్న మడి ఒకటి ఉంది. దాని దిగుబడి హెక్టారుకు ఒక టన్ను దగ్గరే. నేలా వానా సూక్ష్మజీవులూ అన్నీ కలిసి అక్కడ ఇవ్వగలిగింది అంత.

అపోహ: కల్చర్ వాడాక పైరు పచ్చబడింది, అంటే గాలిలోని నత్రజని అందినట్టే.

చాలాసార్లు అసలు కారణం వేరే. అజోస్పిరిల్లం ఆక్సిన్ అనే హార్మోనును తయారు చేస్తుంది. దాంతో పక్క వేళ్లు, వేరు నూగు పెరిగి, నేలలో ముందే ఉన్న నత్రజనినీ నీటినీ మొక్క ఎక్కువగా అందుకుంటుంది. నా దృష్టిలో ఈ బాక్టీరియా చేసే పెద్ద మేలు ఇదే, ప్రచారం మాత్రం మరోదానికి జరుగుతోంది.

నత్రజని స్థిరీకరణ కట్టుకథ కాదు. ప్రయోగశాలలో దాన్ని కళ్లారా చూడవచ్చు. నత్రజని లేకుండా, బాక్టీరియాకు ఆహారంగా మాలేట్ అనే సేంద్రియ ఆమ్ల లవణం కలిపి, వణికే జెల్లీలా చేసిన ఆకుపచ్చ మాధ్యమంలో (సూక్ష్మజీవులను పెంచే పదార్థంలో) కడిగిన వేరు ముక్క వేస్తాం. కొన్ని రోజుల్లో ఉపరితలానికి కాస్త కింద తెల్లటి పలచని పొర తేలుతుంది, మాధ్యమం నీలంగా మారుతుంది. బాక్టీరియా ఊపిరికి ఆక్సిజన్ కావాలి, అదే ఆక్సిజన్ ఎక్కువైతే నైట్రోజినేజ్ పాడవుతుంది. రెండూ కుదిరే లోతును ఆ కణాలు తామే వెతుక్కుంటాయి. బ్రెజిల్‌లో శాస్త్రవేత్త యోహానా డోబెరైనర్ బృందం 1970లలో ఇలాంటి మాధ్యమంతోనే ఈ బాక్టీరియా మీద అందరి దృష్టీ పడేలా చేసింది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరని దృశ్యమది. అయితే ఆ పొర చెప్పేది సామర్థ్యం గురించే. పొలంలో ఎంత స్థిరీకరణ జరిగిందో తేల్చాలంటే నత్రజని-15 ఐసోటోపుతో (మామూలు నత్రజని కన్నా కాస్త బరువైన, వేరుగా గుర్తించగలిగే రూపంతో) కొలవాలి. వేడితో చంపిన కల్చర్‌ను పక్క మడిలో వాడి పోల్చని ప్రయోగ ఫలితాలను నేను నమ్మను, కల్చర్‌తో పాటు వెళ్లే పోషకాల ప్రభావం కూడా వాటిలో కలిసిపోతుంది కాబట్టి.

అపోహ: యూరియా మోతాదు పెంచి కల్చర్ కూడా వేస్తే లాభం రెట్టింపు.

అమ్మోనియం చుట్టూ సమృద్ధిగా ఉంటే బాక్టీరియా నైట్రోజినేజ్‌ను ఆపేస్తుంది. దొరికేదాన్ని అంత ఖర్చు పెట్టి తయారు చేసుకోవడం దానికి అనవసరం.

అపోహ: ఒకసారి వేస్తే నేలలో శాశ్వతంగా ఉండిపోతుంది.

స్థానిక సూక్ష్మజీవుల పోటీ వల్ల, ప్రోటోజోవాలనే ఏకకణ జీవులు తినేయడం వల్ల సంఖ్య వేగంగా పడిపోతుంది. ప్రతి పంటకూ తాజా కల్చర్ కావాలి. ప్యాకెట్టును ఎండలో పెట్టకండి, గడువు తేదీ చూడండి. పట్టించిన విత్తనాన్ని నీడలో ఆరబెట్టి ఆ రోజే విత్తండి. శిలీంద్రనాశనితో శుద్ధి చేసిన విత్తనమైతే, ఆ మందును కల్చర్ తట్టుకుంటుందో లేదో తయారీదారును ముందే అడగండి.