బండి ఎలా కదులుతుంది? న్యూటన్ మూడో నియమం వెనుక కథ

ప్రతి చర్యకూ సమానమైన, వ్యతిరేకమైన ప్రతిచర్య ఉంటుందని పాఠం చెప్పగానే తరగతిలో ఎవరో ఒకరు అడుగుతారు: గుర్రం బండిని ఎంత బలంతో లాగితే బండి కూడా గుర్రాన్ని అంతే బలంతో వెనక్కి లాగుతుంది కదా, మరి బండి కదిలేదెలా? చాలా తెలివైన ప్రశ్న ఇది. పరీక్షలో రాదని దాటవేయడం ఆ విద్యార్థికి అన్యాయం చేయడమే. ఈ చిక్కు ఎక్కడ పడిందో తెలియాలంటే నియమం పుట్టిన నాటికి వెళ్లాలి.

మొదట వివాదమంతా వస్తువులు ఢీకొనడం గురించే. 1644లో ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ ఇందుకు ఏడు సూత్రాలు రాశాడు. నిశ్చలంగా ఉన్న పెద్ద వస్తువును చిన్న వస్తువు ఎంత వేగంగా గుద్దినా కదిలించలేదని, వచ్చిన వేగంతోనే వెనుదిరుగుతుందని వాటిలో ఒకటి చెప్పింది. ఇది కంటికి కనిపించేదానికి పూర్తిగా విరుద్ధం. 1668లో లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ ఈ సంగతి తేల్చమని కోరింది. జాన్ వాలిస్, క్రిస్టఫర్ రెన్, డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ కొద్ది వారాల తేడాతో సమాధానాలు పంపారు. దిశను కూడా లెక్కలోకి తీసుకుంటే, ఒక వస్తువు కోల్పోయిన ద్రవ్యవేగమే (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది) రెండోదానికి చేరుతుందన్నది వాటి సారం.

1687లో వెలువడిన ‘ప్రిన్సిపియా’లో న్యూటన్ ఈ ముగ్గురినీ పేరుపేరునా తలచుకున్నాడు. ఆ తర్వాత తన ప్రయోగాలు వివరించాడు. ఆ గ్రంథంలో ప్రతి భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడూ చదవాల్సిన పుటలవి. పదడుగుల తాళ్లకు బంతులు వేలాడదీసి ఢీకొట్టించాడు. గాలి వల్ల తగ్గే వేగాన్ని కూడా లెక్కగట్టి సవరించాడు. గట్టిగా చుట్టిన ఉన్ని బంతులు 9 పాళ్ల వేగంతో దగ్గరైతే 5 పాళ్ల వేగంతో విడిపోయాయి. గాజు బంతుల్లో అది 16కు 15. పదార్థాన్ని బట్టి ఎగిరిపడే వేగం మారినా, ఒకటి పోగొట్టుకున్నదీ మరొకటి పొందినదీ సమానమే. ఆకర్షణ సంగతీ చూశాడు: అయస్కాంతాన్నీ ఇనుమునూ వేర్వేరు పాత్రల్లో పెట్టి నిలకడ నీటిపై పక్కపక్కనే తేలనిచ్చాడు. ఒకదానికొకటి ఆనుకున్న తర్వాత ఏదీ రెండోదాన్ని నెట్టుకుపోలేదు, రెండూ నిశ్చలంగా నిలిచాయి.

అందుకే న్యూటన్ తన నియమాన్ని ఒక్క ముక్కలో ఆపలేదు. రెండు వస్తువులు ఒకదానిపై ఒకటి చూపే బలాలు ఎప్పుడూ సమానమని, వ్యతిరేక దిశల్లో ఉంటాయని వెంటనే చేర్చాడు. విద్యార్థులు వల్లె వేసే వాక్యంలో రాలిపోయింది ఈ భాగమే. దీంతో రెండు బలాలూ ఒకే వస్తువు మీద పనిచేసి రద్దయిపోతాయన్న భ్రమ మిగిలింది. బండి గుర్రాన్ని లాగే బలం గుర్రం మీద పనిచేస్తుంది, బండి మీద కాదు. బండి కదులుతుందా లేదా అన్నది బండి మీద పడే బలాలనే బట్టి ఉంటుంది. గుర్రం లాగే బలం చక్రాల దగ్గరి నిరోధాన్ని మించితే చాలు. ఇక గుర్రం ముందుకు సాగేది, అది డెక్కలతో నేలను వెనక్కి తోస్తే నేల దాన్ని ముందుకు తోయడం వల్ల. న్యూటన్ కూడా తాడుతో రాయిని లాగే గుర్రాన్నే ఉదాహరణగా ఇచ్చాడు.

బల్ల మీది పుస్తకం విషయంలోనూ ఈ పొరపాటే జరుగుతుంది. పుస్తకం బరువు, దాన్ని పైకి తోసే బల్ల బలం చర్య, ప్రతిచర్యలని చాలామంది రాస్తారు. అవి రెండూ పుస్తకం మీదే పనిచేస్తాయి కాబట్టి జంట కాలేవు. ఆ బల్లను లిఫ్టులో పెట్టి చూడండి. లిఫ్టు పైకి వేగం పుంజుకునేటప్పుడు బల్ల తోసే బలం పుస్తకం బరువును మించుతుంది. చర్య, ప్రతిచర్యలే అయితే అవి ఎప్పుడూ సమానంగా ఉండాలి కదా. భూమి పుస్తకాన్ని లాగుతుంటే పుస్తకం భూమిని లాగడమే అసలైన జంట.

ఈ పొరపాటు పెద్దలనూ వదల్లేదు. అమెరికాలోని క్లార్క్ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ రాబర్ట్ గొడ్డార్డ్ రాకెట్లపై చేసిన పరిశోధనను స్మిత్‌సోనియన్ సంస్థ ప్రచురించింది. 1920 జనవరి 13న న్యూయార్క్ టైమ్స్ దాన్ని ఎగతాళి చేస్తూ సంపాదకీయం రాసింది. శూన్యంలో తోయడానికి ఏమీ ఉండదని, హైస్కూలు పాఠం కూడా ఆయనకు తెలిసినట్టు లేదని అందులో రాశారు. గాలి తీసేసిన గొట్టాల్లో గొడ్డార్డ్ అప్పటికే ప్రయోగాలు చేశాడు. శూన్యంలో తోపు తగ్గకపోగా పెరిగిందన్న ఫలితం వాళ్లు వెక్కిరించిన ఆ నివేదికలోనే ఉంది! రాకెట్టు తోసేది గాలిని కాదు, తన లోపలి నుంచి దూసుకుపోయే వాయువును. ఆ వాయువే రాకెట్టును ముందుకు తోస్తుంది. గొడ్డార్డ్ 1945లో మరణించాడు. అపోలో 11 చంద్రుడి దారి పట్టిన మర్నాడు, 1969 జులై 17న, ఆ పత్రిక సవరణ ప్రచురించి పొరపాటుకు విచారం తెలిపింది.

శ్రీహరికోటలో పీఎస్‌ఎల్‌వీ లేవడం చూసినప్పుడు మంటలు నేలను తోస్తున్నట్టే కనిపిస్తుంది. కానీ దాని నాలుగో దశ మండేది వందల కిలోమీటర్ల ఎత్తున, ఆనుకోవడానికి నేలా గాలీ లేని చోట.