స్పీకర్లో గుయ్‌మని మోతా? కొత్తవి కొనే ముందు వైర్లు ఒక్కొక్కటీ తీసి చూడండి

ఇళ్లలో మ్యూజిక్ సిస్టమ్‌లు బిగించడం నా పని. స్ట్రీమర్ (నెట్ నుంచి పాటలు తెచ్చే పెట్టె), డాక్ (డీఏసీ, డిజిటల్ పాటను అనలాగ్ సిగ్నల్‌గా మార్చేది), యాంప్లిఫయర్, స్పీకర్లు అన్నీ కలిపి ఆన్ చేయగానే పాట కంటే ముందు ‘గుయ్య్’మని మోత (దీన్నే హమ్ అంటాం) వినిపిస్తే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. ఇక అక్కడి నుంచి తలా ఒక సలహా. నాకు ఎక్కువగా ఎదురయ్యేవి ఇవి.

అపోహ: త్రీపిన్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేస్తే హమ్ పోతుంది.

వాస్తవం: హమ్ పోవచ్చు, దాంతోపాటు మీ రక్షణా పోతుంది. లోపల ఒక వైరు ఊడి యాంప్లిఫయర్ బాడీకి తగిలిందనుకోండి. ఎర్త్ ఉంటే ఫ్యూజో ఎంసీబీయో కొట్టేస్తుంది. లేకపోతే 230 వోల్టులు ఆ రేకు డబ్బా మీదే ఉంటాయి. వాల్యూమ్ తిప్పడానికి చెయ్యి పెట్టేది మీ పిల్లలే కావచ్చు. ఎంత బతిమాలినా ఈ పని నేను చేయను.

హమ్‌కు అసలు కారణం చాలాసార్లు గ్రౌండ్ లూప్. రెండు పరికరాలు వేర్వేరు చోట్ల ఎర్త్ అయి, వాటి మధ్య సిగ్నల్ కేబుల్ కూడా ఉంటే, ఎర్త్‌ల మధ్య ఉన్న కొద్దిపాటి వోల్టేజీ తేడాకే ఆ కేబుల్ తొడుగులో కరెంటు పారుతుంది. మనకు వినబడే 50 హెర్ట్జ్, 100 హెర్ట్జ్ మోత అదే. అన్నింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెడితే చాలా ఇళ్లలో సగం తగ్గిపోతుంది.

పోయిన వేసవిలో ఒకరింట్లో పవర్ కండిషనర్ (కరెంటులోని నాయిస్‌ను వడగట్టే పెట్టె) కొనడానికి సిద్ధమైపోయారు. యాంప్లిఫయర్ ఆన్‌లోనే ఉంచి ఒక్కో వైరూ తీస్తూ వచ్చాను. సెట్‌టాప్ బాక్స్ వెనక తిప్పి బిగించే కేబుల్ టీవీ వైరు విప్పగానే గది నిశ్శబ్దమైపోయింది. మేడ మీద నుంచి దిగే ఆ వైరు తన వెంట ఇంకో చోటి ఎర్త్‌ను తెచ్చింది. టీవీ నుంచి యాంప్లిఫయర్‌కు ఉన్న హెచ్‌డీఎంఐ తీసేసి ఆప్టికల్ కేబుల్ పెట్టాం. అందులో పోయేది వెలుతురు, కరెంటు కాదు. లూప్ అక్కడే తెగింది. (పరికరాల మధ్య అనలాగ్ సిగ్నల్ మోసే ఆర్‌సీఏ కేబుల్ తీసేటప్పుడు మాత్రం యాంప్లిఫయర్ ఆపండి, లేదంటే స్పీకర్ ‘ఠప్’మంటుంది.)

అపోహ: డిజిటల్ కాబట్టి నాయిస్ రాదు.

వాస్తవం: యూఎస్‌బీ కేబుల్‌లో డేటాతో పాటు 5 వోల్టుల సప్లై, గ్రౌండ్ కూడా ఉంటాయి. ల్యాప్‌టాప్ చార్జర్ నాయిస్ ఆ గ్రౌండ్ మీదుగా డాక్‌లోకి, అక్కడి నుంచి అనలాగ్ వైపుకు వస్తుంది. చార్జర్ పీకి బ్యాటరీ మీద వినండి. చప్పుడు పోతే దొంగ దొరికినట్టే. రెండు వైపుల గ్రౌండ్‌లను విడదీసే యూఎస్‌బీ ఐసోలేటరో, ఆప్టికల్ కేబులో పెట్టుకోండి.

అపోహ: స్ట్రీమర్‌కు ఖరీదైన లాన్ (ఇంటర్నెట్) కేబుల్ వేస్తే పాట శుభ్రంగా వినిపిస్తుంది.

వాస్తవం: లాన్ పోర్టులోనే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి, సిగ్నల్ వైర్లు రెండు వైపులా నేరుగా కలవవు. దారిలో పోయిన ప్యాకెట్ (డేటా ముక్క) మళ్లీ వస్తుంది, స్ట్రీమర్ ముందే బఫర్‌లో, అంటే తన మెమరీలో, పెట్టుకుని వాయిస్తుంది. మామూలు క్యాట్ 6 యూటీపీ (లోహపు తొడుగు లేని రకం) చాలు. లోహపు తొడుగున్న కేబులే ఒక్కోసారి రెండు ఎర్త్‌లను కలిపి కొత్త లూప్ తెస్తుంది.

ఇన్వర్టర్, ఫ్యాన్ రెగ్యులేటర్ల సంగతి కూడా చెప్పాలి. కరెంటు పోయినప్పుడే బరబరమంటే మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉండొచ్చు, ప్యూర్ సైన్ వేవ్‌కు మారండి. ఫ్యాన్ స్పీడు మార్చినప్పుడల్లా చప్పుడు మారుతుంటే రెగ్యులేటర్ మార్చండి, కెపాసిటర్ స్టెప్ రకం అడగండి. ‘స్స్’మనే సన్నటి శబ్దం మాత్రం వీటిది కాదు, యాంప్లిఫయర్ గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) ఎక్కువైనప్పుడు వచ్చేది.