సేవ్ చేశాను, కానీ ఎక్కడ?

పిల్లలూ,

మొన్న రాత్రి మీలో ఒకరు ఏడుపు గొంతుతో ఫోన్ చేశారు. పేరు చెప్పను, ఆ ఒక్కరికి తెలుసు. "పెద్దమ్మా, రెండు గంటలు కూర్చుని రాశాను. సేవ్ కూడా చేశాను. ఇప్పుడు కనపడట్లేదు." సేవ్ చేసింది పోదు, ఎక్కడో ఉంటుంది. ఆ "ఎక్కడో" కనిపెట్టడానికి మాకు ముప్పావుగంట పట్టింది.

డెస్క్‌టాప్ చూశాం, డౌన్‌లోడ్స్ చూశాం, డాక్యుమెంట్స్ చూశాం. చివరికి వర్డ్ తెరిచి, ఈమధ్య వాడిన ఫైళ్ల జాబితాలో చూస్తే దాని చిరునామా బయటపడింది. టెంప్ అనే ఫోల్డరు, దాని లోపల ఇంకో ఫోల్డరు, అందులో మన ఫైలు. జరిగిందేమిటంటే, టీచరు పంపిన జిప్ ఫైలును, అంటే ఫైళ్లను మూటగట్టిన ఫైలును, విప్పకుండానే లోపలున్న డాక్యుమెంటును డబుల్ క్లిక్ చేశారు. అలా చేస్తే విండోస్ ఒక తాత్కాలిక ప్రతిని టెంప్‌లో పెట్టి దాన్నే చూపిస్తుంది. సేవ్ నొక్కినప్పుడు వచ్చిన పెట్టెలో ఏ ఫోల్డరు పేరుందో చూడకుండా ఎంటర్ కొట్టేశారు. టెంప్ అంటే ఎప్పుడు ఊడ్చేస్తారో తెలియని చోటు. డిస్క్ శుభ్రం చేసే ప్రోగ్రామేదైనా మధ్యలో నడిచి ఉంటే ఆ రెండు గంటల రాత ఊడ్పుల్లో పోయేది. జిప్ వస్తే ముందు రైట్ క్లిక్ చేసి 'ఎక్స్‌ట్రాక్ట్ ఆల్' నొక్కండి. తెరవడం ఆ తర్వాతే.

ఫోన్ పెట్టేశాక అనిపించింది, మీకు ఫోన్లు పుట్టినప్పట్నుంచీ తెలుసు గానీ ఫోల్డరంటే ఏమిటో ఎవరూ చెప్పలేదని. ఫోన్లో ఫొటో తీస్తే గ్యాలరీలోకి, పాట దించితే పాటల యాప్‌లోకి దానంతటదే వెళ్తుంది. కంప్యూటర్ అలా కాదు, ఎక్కడ పెట్టాలో మిమ్మల్నే అడుగుతుంది. మీరేమో అడిగింది వినకుండా ఎంటర్ కొడతారు!

బొమ్మ చూసి ఫోల్డరంటే అట్టపెట్టె అనుకోకండి. అది ఒక జాబితా. ఫలానా పేరుగల ఫైలు డిస్క్‌లో ఫలానా చోట ఉంది అని రాసిపెట్టుకున్న పట్టీ. నమ్మకపోతే ఒక పెద్ద వీడియో తీసుకుని, అదే డ్రైవ్‌లో వేరే ఫోల్డర్లోకి కట్ చేసి పేస్ట్ చేయండి. రెప్పపాటులో అయిపోతుంది. ఎందుకంటే వీడియో అంగుళం కూడా కదల్లేదు. దాని పేరు ఒక పట్టీలోంచి కొట్టేసి ఇంకో పట్టీలో రాశారంతే. అదే వీడియోను పెన్‌డ్రైవ్‌లోకి పంపండి, నిమిషాలు పడుతుంది. ఇప్పుడు నిజంగా ప్రతి ముక్కనూ మోయాలి కదా. మౌస్‌తో లాగినప్పుడు కూడా అంతే. ఒకే డ్రైవ్‌లో లాగితే ఫైలు జరుగుతుంది, వేరే డ్రైవ్‌కి లాగితే నకలు తయారవుతుంది. "నా ఫైలు రెండెలా అయింది?" అన్న మీ పాత ప్రశ్నకు జవాబు ఇదే.

ఫోల్డర్లో ఫోల్డరు పెట్టుకునే ఏర్పాటు మొదట్నుంచీ అన్ని కంప్యూటర్లలో లేదు. మల్టిక్స్ అనే పెద్ద కంప్యూటర్ వ్యవస్థ కోసం 1965లోనే ఆ ఆలోచన కాగితం మీదికి వచ్చింది. కానీ విండోస్ కంటే ముందు పీసీలను నడిపింది డాస్, 1981లో వచ్చిన దాని మొదటి వెర్షన్‌కి అది తెలియదు. అప్పటి ఫ్లాపీ డిస్క్‌లో పట్టేది 160 కిలోబైట్లు, అందులో ఫైళ్లన్నీ ఒకే వరసలో ఉన్నా కంటికి ఆనేవి. 1983లో 10 మెగాబైట్ల హార్డ్‌డిస్క్‌తో పీసీ వచ్చేసరికి ఒకే వరస కుదరలేదు. అందుకే డాస్ రెండో వెర్షన్లో ఫోల్డర్లు పెట్టారు. 10 మెగాబైట్లకే ఫైళ్లను ఫోల్డర్లలో సర్దాల్సి వచ్చింది వాళ్లకి. మీ ఫోన్లో ఒక్క నిమిషం వీడియో దానికంటే పెద్దది.

మీలో పెద్దవాడు ఇప్పుడే అంటాడు, "వెతికితే దొరుకుతుంది కదా పెద్దమ్మా, ఈ సర్దుడంతా ఎందుకు?" అని. న్యాయమైన ప్రశ్నే, నేనూ రోజుకు పదిసార్లు వెతుకుతాను. కాకపోతే వెతకాలంటే ఏం వెతకాలో గుర్తుండాలి. 'డాక్యుమెంట్1' అని పేరు పెట్టిన దాన్ని ఏమని వెతుకుతావు? స్కాన్ చేసిన కాగితం మనకు అక్షరాలు, కంప్యూటర్‌కి చాలాసార్లు ఒట్టి బొమ్మ. 'ప్రాజెక్ట్', 'ప్రాజెక్ట్ కొత్తది', 'ప్రాజెక్ట్ ఫైనల్', 'ప్రాజెక్ట్ అసలు ఫైనల్' అని నాలుగు దొరికితే, టీచరుకి పంపిందేదో వెతుకుడు పెట్టె చెప్పదు. అసలు ఉందన్న సంగతే మర్చిపోయినదాన్ని ఎవరూ వెతకరు కూడా. ఫోల్డరు తెరిచినప్పుడు అది కంటపడుతుంది.

కాబట్టి ఫైలుకు పేరు పెట్టేటప్పుడు నేను ఆలోచించేది ఒకటే. ఇదేమిటో నాకిప్పుడు తెలుసు, ఆరు నెలల తర్వాత అంతా మర్చిపోయి వచ్చే నాకు ఏ మాట గుర్తొస్తుంది? ఆ మాటే పేరు. మేం నేర్చుకున్న రోజుల్లో పేరుకు ఎనిమిది అక్షరాలే, చుక్క తర్వాత మూడు. అందులోనే నెలా, సంగతీ కుక్కి, ఏడాది తిరిగాక మేమే అర్థం చేసుకోలేక తలలు పట్టుకునేవాళ్లం. విండోస్ 95 వచ్చాక ఆ బాధ తీరింది. మీకు చోటు బోలెడుంది, పిసినారితనం ఎందుకు?

తేదీని పేరులో ముందు పెట్టండి, అదీ ఏడాది, నెల, రోజు వరసలో. '2025-06-14-సైన్సు-నివేదిక' అన్నమాట. రోజు ముందు పెడితే జనవరి 14, జూన్ 14, డిసెంబరు 14 పక్కపక్కన చేరతాయి, 15వ తేదీవి ఇంకో గుంపు. ఏడాది ముందుంటే పేరు వరసే కాలం వరస అవుతుంది. కంప్యూటర్ చూపించే తేదీని నమ్ముకోవద్దు. ఫైలును విండోస్‌లో వేరే డిస్క్‌కి కాపీ చేస్తే, 'తయారైన తేదీ' కాపీ చేసిన రోజుకు మారిపోతుంది. మూడేళ్ల కిందటి ఫైలు ఇవాళ పుట్టినట్టు కనిపిస్తుంది. అంకెలు వేస్తే 01, 02 అని సున్నాతో వేయండి. లేకపోతే కొన్ని ప్రోగ్రాముల్లో 1 పక్కన 10 వచ్చి కూర్చుంటుంది, 2 ఎక్కడో కిందికి పోతుంది.

తెలుగులో పేరు పెట్టొచ్చా అని చిన్నది అడిగింది. శుభ్రంగా పెట్టొచ్చు, నావి సగం తెలుగులోనే ఉంటాయి. పాత ప్రోగ్రాములతో జిప్ చేసి పంపితే మాత్రం అవతలివాళ్లకు అక్షరాల బదులు డబ్బాలు గానీ ప్రశ్నగుర్తులు గానీ కనిపించొచ్చు. ఇంకో తమాషా ఉంది. విండోస్‌లో డ్రైవ్ పేరు దగ్గర్నుంచి ఫైలు పేరు చివరిదాకా మొత్తం చిరునామా మామూలుగా 260 అక్షరాలలోపు ఉండాలి. 'స్త్రీ' మన లెక్కలో ఒక్క అక్షరం. కంప్యూటర్ దాన్ని స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరుగా లెక్కపెడుతుంది. ఫోల్డర్లో ఫోల్డరు, దానిలో ఫోల్డరు అని తెలుగులో తవ్వుకుంటూ పోతే, ఒకరోజు పేరు మరీ పొడుగైందని కాపీ ఆగిపోతుంది. నా మట్టుకు నేను మూడు నాలుగు మెట్లు దాటి దిగను. అంతకంటే లోతుకు పోతే ఏది ఎందులో పెట్టానో నాకే తెలియదు.

ఇప్పుడు నా పరువు తీసుకునే కథ. ఆఫీసులో ఒక సమావేశానికి నెల రోజుల లెక్కలు నేనే తయారుచేశాను. పొద్దున్నే డెస్క్‌టాప్ మీదున్న ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, బ్యాగులో వేసుకుని దర్జాగా వెళ్లాను. అక్కడి కంప్యూటర్లో తెరిస్తే, అది చూపిస్తున్న ఫైలు లేదంది. ఇరవైమంది నావైపే చూస్తున్నారు. నేను కాపీ చేసింది ఫైలును కాదు, షార్ట్‌కట్‌ను! షార్ట్‌కట్ అంటే అసలు ఫైలు ఎక్కడుందో చెప్పే చీటీ. అసలు ఫైలు మా టేబుల్ కిందున్న కంప్యూటర్లోనే ఉండిపోయింది, నేను చిరునామా రాసిన చీటీ పట్టుకుని వచ్చాను. బొమ్మ మూలన చిన్న బాణం గుర్తుంటే అది షార్ట్‌కట్. సైజు కూడా చూడండి, ఒకటి రెండు కిలోబైట్లే ఉంటుంది. నెల లెక్కలు రెండు కిలోబైట్లలో పట్టవని ఆ రోజు నాకు తట్టలేదు.

పేరు చివర చుక్క తర్వాత వచ్చే తోకను ఎక్స్‌టెన్షన్ అంటారు. విండోస్ దాన్ని మామూలుగా దాచేస్తుంది, అది నాకు నచ్చదు. 2000 మేలో ప్రేమలేఖ పేరుతో ఒక వైరస్ ఈమెయిళ్లలో ప్రపంచమంతా పాకింది. ఫైలు పేరు చివర రెండు తోకలు. ముందుది టీఎక్స్‌టీ, అంటే ఒట్టి రాత. అసలుది వీబీఎస్, అంటే నడిచే ప్రోగ్రాము. అసలు తోకను విండోస్ దాచేసరికి జనం ఉత్తరమే అనుకుని తెరిచారు. విండోస్ 11లో అయితే ఫోల్డరు తెరిచి 'వ్యూ'లో 'షో'లోకి వెళ్లి, 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' దగ్గర టిక్ పెట్టండి. తోక మార్చినంత మాత్రాన ఫైలు మారదని కూడా గుర్తుంచుకోండి, పీఎన్‌జీ రకం బొమ్మ తోకను జేపీజీ అని రాస్తే అది జేపీజీ అయిపోదు. సరదాకి ఒక పని చేయండి. బొమ్మలున్న, డాక్స్ అనే తోక ఉన్న వర్డ్ ఫైలుకు నకలు తీసి, నకలు తోకను జిప్ అని మార్చి తెరవండి. లోపల వర్డ్ అనే ఫోల్డరు, దానిలో మీడియా అనే ఫోల్డరు, అందులో మీ బొమ్మలన్నీ విడివిడిగా ఉంటాయి. మీ డాక్యుమెంటు ఇన్నాళ్లూ ఒక మూటే!

ఫోల్డర్లు ఎలా పెట్టుకోవాలంటే మీ ఇష్టం. నావి నాలుగే: చదువు, ఫొటోలు, ముఖ్యమైన కాగితాలు, పూర్తయినవి. డౌన్‌లోడ్స్‌ని నేను గుమ్మంలా చూస్తాను. అక్కడికి ఏదైనా వస్తుంది, కానీ అక్కడ కాపురం ఉండకూడదు. వారానికోసారి పది నిమిషాలు కూర్చుని లోపలికి పంపేవి పంపి, మిగిలింది తీసేస్తాను. 'ఇతరాలు' అని మాత్రం ఫోల్డరు పెట్టకండి. నాలుగు నెలల్లో అన్నిటికంటే పెద్దది అదే అవుతుంది, నేను చేసి చూశాను.

తీసేసేటప్పుడు జాగ్రత్త. కంప్యూటర్లోది తీసేస్తే రీసైకిల్ బిన్‌లో ఉంటుంది, పెన్‌డ్రైవ్‌లోది తీసేస్తే మామూలుగా నేరుగా పోతుంది. పొరపాటున వేరే ఫోల్డర్లోకి లాగేస్తే కంగారుపడకుండా వెంటనే కంట్రోల్-జెడ్ కొట్టండి, వెనక్కొస్తుంది. క్లౌడ్‌లో ఉందిలే అని ధీమా వద్దు. రెండుచోట్ల ఒకేలా ఉంచడమే దాని పని కాబట్టి, ఇక్కడ తీసేస్తే అక్కడా పోతుంది. కొన్నాళ్లు దాని చెత్తబుట్టలో ఉంటుందేమో, అంతే. పోతే ఏడ్చేవాటికి మూడు ప్రతులు, రెండు రకాల చోట్ల, ఒకటి ఇంటి బయట ఉంచమని ఫొటోలు తీసేవాళ్లు చెప్పే లెక్క ఉంది. మీకైతే మనం ముప్పావుగంట వెతికిన ఆ ఫైలును ముందు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. షార్ట్‌కట్ కాదని చూసుకుని!

ఆదివారం ఫోన్ చేస్తాను. ఎవరి డెస్క్‌టాప్ వాళ్లు చూపించాలి. చూపించే ముందు అన్నిటినీ ఎత్తి 'కొత్త ఫోల్డరు'లో పడేసేవాళ్లను నేను పట్టేస్తాను, ఎందుకంటే నేనూ అదే చేసేదాన్ని.

మీ
పెద్దమ్మ