టర్బో కారు ఫుల్ థ్రాటిల్‌లో ఎందుకు తడబడుతుంది: అరవై ఏళ్ల నేపథ్యం

మామూలుగా నడిపితే ఏ ఇబ్బందీ ఉండదు. ఐడిల్ నిలకడగా ఉంటుంది, మైలేజీ తగ్గదు, డాష్‌బోర్డు మీద దీపం వెలగదు. యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కినప్పుడే బండి ఒక్క క్షణం ఆగి అందుకుంటుంది, లేదా జర్కులు కొడుతుంది, లేదా లాగీ లాగనట్టు ఉండిపోతుంది. టర్బో పెట్రోలు కార్లు అమ్మకానికి వచ్చిన 1962 నుంచీ ఈ ఫిర్యాదు ఉంది. ఫిర్యాదు అదే, కారణాలే తరతరానికీ మారుతూ వచ్చాయి. ఒక తరం ఇంజినీర్లు ఒక తడబాటుకు కనిపెట్టిన మందు, తర్వాతి తరంలో ఇంకో తడబాటుకు చోటిచ్చింది. పాత కారణాలు పోనూ లేదు. ఇవాళ్టి ఇంజిన్‌లో అవన్నీ కలిసే ఉన్నాయి. ప్లగ్గులు, కాయిల్స్ మార్చి చివరికి టర్బో కూడా మార్చేశాక కూడా జర్క్ అలాగే ఉండిపోవడానికి కారణం ఇదే: ఏ తరం లోపమో తేల్చుకోకుండానే పార్టులు విప్పేస్తున్నారు.

సైలెన్సర్‌లోంచి వృథాగా పోయే పొగతో టర్బైన్ తిప్పి, ఆ బలంతో ఇంజిన్‌లోకి గాలి కూరే పద్ధతికి స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బ్యూఖి 1905లో పేటెంట్ తీసుకున్నాడు. 1918లో అమెరికాలో శాన్‌ఫోర్డ్ మాస్ పైక్స్ పీక్ కొండ మీదికి, దాదాపు 14,000 అడుగుల ఎత్తుకు, లిబర్టీ విమాన ఇంజిన్‌ను తీసుకెళ్లి పలచటి గాలిలో టర్బోను పరీక్షించాడు. ఓడల్లో, విమానాల్లో ఇంజిన్ గంటల తరబడి ఒకే లోడు మీద నడుస్తుంది. టర్బో వేగం అందుకోవడానికి కొంత సమయం తీసుకున్నా అక్కడ ఎవరూ పట్టించుకోరు. అర సెకనులో సున్నా నుంచి పూర్తి బలం కావాలని అడిగింది కారు మాత్రమే. చిక్కు అక్కడే మొదలైంది.

1962లో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవర్లే కార్వేర్ మోంజా స్పైడర్ వచ్చాయి. రెండింట్లోనూ పెట్రోలును గాలిలో కలిపే కార్బ్యురేటర్ టర్బోకు ముందుండేది. పెట్రోలు తడి అంత పొడుగు దారిలో గోడలకు అంటుకుంటూ పోవాలి కాబట్టి, ఒక్కసారిగా తొక్కితే గాలి ముందు చేరి పెట్రోలు వెనకబడేది. కార్వేర్‌కు వేస్ట్‌గేట్ (టర్బైన్‌కు వెళ్లే పొగలో కొంత పక్కకు వదిలే తలుపు) కూడా లేదు. బూస్ట్‌కు, అంటే టర్బో కూరే గాలి పీడనానికి, పొగ దారిలో ఉన్న అడ్డే హద్దు. జెట్‌ఫైర్‌ది మరో దారి. దాని కంప్రెషన్ (సిలిండరులో మిశ్రమం నొక్కుకునే నిష్పత్తి) 10.25:1, టర్బో ఇంజిన్‌కు అది చాలా ఎక్కువ. నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి పేలినట్టు మండడం) రాకుండా నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని లోపలికి చిమ్మేవారు. ఆ ద్రవం ట్యాంకు ఖాళీ అయితే ఒక వాల్వు బూస్ట్‌ను కట్టడి చేసేది. నింపడం మరిచిన యజమానికి తెలిసేది ఒక్కటే, బండి లాగడం లేదని. ఇంజిన్ తనను తాను కాపాడుకోవడానికి బలం తగ్గించుకుంటే నడిపేవాడికి అది లోపంలా కనిపించడం అప్పుడే మొదలైంది. లోపం కనబడితే కంప్యూటర్ బలం తగ్గించి నడిపే ఇప్పటి లింప్ మోడ్‌కు మూలం అక్కడుంది.

1970లలో ఫ్యూయల్ ఇంజెక్షన్, వేస్ట్‌గేట్ ఈ రెండు చిక్కులనూ చాలావరకు తీర్చాయి. 1973లో బీఎండబ్ల్యూ 2002 టర్బో, 1977లో సాబ్ 99 టర్బో వచ్చాయి. వేస్ట్‌గేట్ ఇరుక్కుపోతే బూస్ట్ హద్దు మీరుతుంది కాబట్టి కొన్ని కార్లలో ఇంధన పంపును ఆపేసే ప్రెషర్ స్విచ్ పెట్టారు. దాని తడబాటు లక్షణం చెప్పకనే తెలుస్తుంది: బండి బాగా లాగుతూ లాగుతూ ఠక్కున తెగిపోతుంది, పాదం ఎత్తితే మళ్లీ బతుకుతుంది. ఈ గుర్తు నేటికీ పనిచేస్తుంది. బూస్ట్ సరిపోనప్పుడు బలం మెల్లగా చప్పబడుతుంది, బూస్ట్ మితిమీరినప్పుడు ఒక్క దెబ్బకు తెగుతుంది. స్కానర్‌లో మొదటిదాని లోపం కోడ్ పీ0299, రెండోదానిది పీ0234. 1980ల తొలినాళ్లలో సాబ్ నాక్ సెన్సర్ పెట్టి, నాకింగ్ వినబడగానే బూస్ట్ తగ్గించే ఏపీసీ పద్ధతి తెచ్చింది. ఆనాటి నుంచి నాసిరకం పెట్రోలు కూడా తడబాటు జాబితాలో చేరింది.

ఇంజెక్షన్‌తో పాటు గాలిని కొలవడం వచ్చింది, దాంతో గాలి లీకు పెద్ద విషయమైంది. ఎయిర్‌ఫ్లో సెన్సర్ టర్బోకు ముందుంటుంది. అది లెక్కపెట్టిన గాలిలో కొంత ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచే భాగం) హోస్ చీలిక నుంచి బయటికి పోతే, ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, మాత్రం మొత్తం గాలికీ సరిపడా పెట్రోలు కొడుతుంది. మిశ్రమం రిచ్ అవుతుంది (పెట్రోలు ఎక్కువ; తక్కువైతే లీన్), నల్లపొగ, తడబాటు. ఐడిల్‌లో ఈ లీకు కనిపించకపోవడానికి కారణం ఉంది: అప్పుడు టర్బోకూ థ్రాటిల్‌కూ మధ్య పైపుల్లో పీడనం బయటి గాలితో దాదాపు సమానం, కారడానికి ఏమీ ఉండదు. గాలిని మ్యాప్ సెన్సర్‌తో, అంటే మానిఫోల్డ్ పీడనంతో అంచనా వేసే కార్లలో ఇదే లీకు మిశ్రమాన్ని చెడగొట్టదు. టర్బో మాత్రం అదనంగా తిరగాల్సి వస్తుంది, వేస్ట్‌గేట్ డ్యూటీ (దానికి ఈసీయూ ఇచ్చే ఆదేశం శాతం) పెరుగుతుంది. మీ కారులో గాలి లెక్క ఏ పద్ధతిలో జరుగుతుందో తెలియకుండా రిచ్, లీన్ అంకెలు చూసి తీర్పు చెప్పకూడదు.

పైపుల్లోకి పొగ పంపి లీకు చూపించే స్మోక్ మెషీన్ ఒక్కదాన్నే నమ్ముకోవడం మంచిది కాదు. అది పంపే పొగ పీడనం చాలా తక్కువ. బూస్ట్ మీద మాత్రమే తెరుచుకునే చీలిక, సగం జారిన క్లాంప్, థ్రాటిల్ మూసినప్పుడు బూస్ట్‌ను దారి మళ్లించే డైవర్టర్ వాల్వులో చిరిగిన రబ్బరు డయాఫ్రం దానికి దొరకవు. టర్బో ఇన్‌లెట్‌కు మూత బిగించి, రెగ్యులేటర్ ద్వారా గాలిని నెమ్మదిగా 0.7 బార్ దాకా ఎక్కించి, జాయింట్ల మీద సబ్బునీళ్లు చల్లాలి. ఆ కారు మామూలు బూస్ట్‌ను మించి ఎక్కించకూడదు. ముందే క్రాంక్‌కేస్ బ్రీదర్ గొట్టాన్ని (ఇంజిన్ అడుగుభాగంలోని ఆవిరిని బయటికి తీసేది) విడదీసి మూయాలి, లేకపోతే గాలి ఆయిల్ సంప్‌లోకి పోయి సీల్స్‌ను దెబ్బతీస్తుంది. హోసును చేత్తో వంచి అడుగువైపు చూడడం మరవొద్దు. నూనె పేరుకుని రబ్బరు మెత్తబడేది అక్కడే.

స్పార్క్ సంగతి వీటన్నిటికంటే పాతది, కారు టర్బోల కంటే కూడా పాతది. 1889లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రీడ్రిష్ పాషెన్, గాలి పీడనమూ ఎలక్ట్రోడ్ల మధ్య దూరమూ పెరిగే కొద్దీ నిప్పురవ్వ దూకడానికి కావాల్సిన వోల్టేజీ పెరుగుతుందని ప్రయోగాలతో చూపాడు. టర్బో చేసేది పీడనం పెంచడమే. అందుకే సాధారణ ఇంజిన్లలో ఒక మిల్లీమీటరు దాకా ఉండే ప్లగ్ గ్యాప్, టర్బో ఇంజిన్లలో ఎక్కువగా 0.6 నుంచి 0.8 మి.మీ. మధ్య ఉంటుంది. అరిగి 0.9కి చేరిన ప్లగ్ ఐడిల్‌లో చక్కగా కాలుస్తుంది, బూస్ట్ వచ్చాక ఆరిపోతుంది. కొత్త ప్లగ్గులకైనా ఫీలర్ గేజ్ పెట్టి చూడాలి. పెట్టెలోంచి తీసినవన్నీ మీ ఇంజిన్‌కు తగిన గ్యాప్‌తోనే ఉంటాయన్న హామీ లేదు.

స్పార్క్‌నూ ఇంధనాన్నీ విడదీసి పట్టుకోవడానికి అన్నిటికంటే నమ్మదగిన ఆధారం ఆర్‌పీఎం అని మా అభిప్రాయం. సిలిండరు బాగా నిండేది గరిష్ఠ టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) దగ్గర, అంటే చాలా టర్బో కార్లలో 2,000 నుంచి 4,000 మధ్య. స్పార్క్ బలహీనమైతే జర్కులు అక్కడ ఎక్కువగా వచ్చి పైకి పోయే కొద్దీ తగ్గుతాయి. ఇంధనం చాలకపోతే తీరు తిరగబడుతుంది: మొదట బాగానే లాగి, 5,000 దాటాక చచ్చుబడుతుంది, ఎందుకంటే పెట్రోలు ఖర్చు పవర్‌తో పాటు పెరుగుతుంది. అనుమానమున్న కాయిల్‌ను ఇంకో సిలిండరుకు మార్చి నడపాలి. పీ0301 కోడ్ (ఒకటో సిలిండరు కాలడం లేదని) పీ0303గా (మూడోదని) మారితే దోషం కాయిల్‌దే, మారకపోతే ప్లగ్, ఇంజెక్టర్, కంప్రెషన్ వరసగా చూడాలి.

అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి ఓబీడీ-2 (కారు తన లోపాలను తానే నమోదు చేసే పద్ధతి) తప్పనిసరి అయ్యాక మిస్‌ఫైర్లను, అంటే సిలిండరు కాలకపోవడాలను, ఈసీయూ స్వయంగా లెక్కపెట్టడం మామూలైంది. క్రాంక్ వేగంలో కుదుపులను బట్టి లెక్క వేస్తుంది. ఫుల్ థ్రాటిల్‌లో మూడు సెకన్లు వచ్చిపోయే మిస్‌ఫైర్ దీపం వెలిగించేంత కాకపోవచ్చు. ఇంకా దీపం వెలిగించని పెండింగ్ కోడ్‌లు, స్కానర్‌లో మోడ్ 6 అనే పరీక్ష ఫలితాల పట్టీలోని సిలిండరువారీ లెక్కలు చూస్తే దొరుకుతుంది. ఇక్కడ చాలామందిని తప్పుదారి పట్టించే సంగతి ఒకటుంది. సిలిండరు కాలకపోతే అందులోని ఆక్సిజన్ అలాగే బయటికొస్తుంది, పొగలో ఆక్సిజన్ కొలిచే లాంబ్డా సెన్సర్ దాన్ని లీన్ అని చదువుతుంది. ఆ అంకె చూసి ఇంధన పంపు మార్చేస్తారు, లోపం ప్లగ్గులోనే ఉండిపోతుంది.

2004లో ఆడీ టర్బోనూ, పెట్రోలును నేరుగా సిలిండరులోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్‌నూ కలిపి 2.0 టీఎఫ్‌ఎస్‌ఐ ఇంజిన్ తెచ్చాక ఇంధనం వైపు రెండు పంపులయ్యాయి. ట్యాంకులోని పంపు సుమారు 4 నుంచి 6 బార్‌తో అందిస్తే, క్యామ్‌షాఫ్ట్ నడిపే హై ప్రెషర్ పంపు దాన్ని 100–200 బార్‌కు, కొత్త ఇంజిన్లలో 350 బార్‌కు తీసుకెళ్తుంది. తొక్కినప్పుడు ఏది ముందు పడిపోయిందన్నదే ప్రశ్న. లో ప్రెషర్ ముందు కూలితే ట్యాంకు పంపు, ఫిల్టర్, వైరింగ్. అది నిలబడి రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు పెట్రోలు అందించే గొట్టంలోని పీడనం) ఒక్కటే కోరిన అంకెకు దిగువన ఉండిపోతే హై ప్రెషర్ పంపు, క్యామ్, క్యామ్ కదలికను పంపుకు అందించే ఫాలోవర్. పంపు మార్చే ముందు లోడు మీద వోల్టేజీ డ్రాప్ కొలవాలి: బ్యాటరీ ప్లస్ నుంచి పంపు ప్లస్ మధ్య 0.5 వోల్టులు, ఎర్త్ వైపు 0.2 వోల్టులు దాటితే ముందు తీగను, కనెక్టర్‌ను బాగుచేయాలి. డైరెక్ట్ ఇంజెక్షన్ తెచ్చిన ఇంకో తలనొప్పి ఇన్‌టేక్ వాల్వుల మీద కార్బన్. పెట్రోలు వాటిని కడగడం మానేసింది.

1990ల చివర ఎలక్ట్రానిక్ థ్రాటిల్, టార్క్ లెక్కతో నడిచే ఈసీయూలు వచ్చాక, పాదం కోరుతున్న బలానికీ ఇంజిన్ ఇచ్చే బలానికీ మధ్య కంప్యూటర్ కూర్చుంది. లాగ్‌లో (నడుస్తుండగా స్కానర్ నమోదు చేసే అంకెల పట్టీలో) పెడల్ 100 శాతం, థ్రాటిల్ 60 శాతం కనిపిస్తే థ్రాటిల్ బాడీ చెడిందని అర్థం కాదు. బూస్ట్ కోరినదానికంటే పెరిగిందా, నాకింగ్ వల్ల స్పార్క్ సమయం వెనక్కి పోయిందా, గేర్‌బాక్స్ టార్క్ తగ్గించమందా అని చూడాలి. అందుకే ఏ పార్టూ విప్పకముందు లాగ్ తీయమంటాం: ఆర్‌పీఎం, పెడల్, థ్రాటిల్, కోరిన బూస్ట్, వచ్చిన బూస్ట్, వేస్ట్‌గేట్ డ్యూటీ, రైల్ ప్రెషర్, లాంబ్డా, ఇగ్నిషన్ టైమింగ్, ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత. మూడో గేరులో 2,000 నుంచి 5,500 దాకా ఒకే తొక్కుడు, డైనో (బండిని రోలర్ల మీద నడిపి కొలిచే యంత్రం) మీదో మూసిన ట్రాక్ మీదో. లాంబ్డా (1 కంటే తక్కువైతే మిశ్రమం రిచ్) సాధారణంగా 0.80–0.88 మధ్య ఉండాలి, ఉద్గారాల నిబంధనల వల్ల కొత్త ఇంజిన్లలో 1కి దగ్గరగా కూడా ఉంటుంది.

లాగ్ కోసం టాప్ గేరులో 1,500 దగ్గర తొక్కవద్దు. చిన్న టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో తక్కువ వేగం, ఎక్కువ లోడు మీద స్పార్క్‌కు ముందే మిశ్రమం అంటుకునే ఎల్‌ఎస్‌పీఐ పిస్టన్లను పగలగొట్టిన దాఖలాలు ఉన్నాయి. ఆయిల్‌లో కాల్షియం డిటర్జెంట్ దానికి తోడ్పడుతుందని తేలాక, 2018లో ఏపీఐ ఎస్ఎన్ ప్లస్ అనే ఆయిల్ ప్రమాణం వచ్చింది. టర్బో ఇంజిన్‌కు ఆయిల్ గ్రేడు చూడడం కూడా ఇప్పుడు తడబాటు పరీక్షలో భాగమే.

తాజా అంకం విద్యుత్తుది. 2016లో డీజిల్ ఆడీ ఎస్‌క్యూ7 48 వోల్టుల విద్యుత్ కంప్రెసర్‌తో వచ్చింది. 2022లో మెర్సిడెస్ ఏఎంజీ సీ43 టర్బో షాఫ్ట్ మీదే విద్యుత్ మోటారును అమర్చింది. పొగ ఊపందుకునే లోపు మోటారే గాలి కూరుతుంది కాబట్టి ల్యాగ్, అంటే టర్బో అందుకునే ఆలస్యం, దాదాపు పోతుంది. ఈ కార్లలో 48 వోల్టుల బ్యాటరీ బలహీనపడినా, చల్లగా ఉన్నా తొక్కగానే అందాల్సిన ఊపు ఆలస్యమవుతుంది. కాబట్టి లాగ్‌లో ఆ బ్యాటరీ వోల్టేజీ, చార్జి శాతం అనే రెండు గళ్లు చేర్చుకోవాలి.