నల్ల క్లిప్పు ఎక్కడికి వెళ్తుంది?

చిరంజీవులకు ఆశీస్సులు.

వోల్టేజీ క్షణక్షణం ఎలా మారుతోందో తెర మీద గీసి చూపే ఆసిలోస్కోప్ (ముద్దుగా స్కోప్) చేతిలో పట్టుకునేది కొనుక్కోవాలా, బల్ల మీద పెట్టుకునే పెద్దది కొనుక్కోవాలా అని మీరంతా తెగ వాదించుకుంటున్నారు. ఎవరిని కదిపినా మెగాహెర్ట్జ్‌ల లెక్కే. ఆ లెక్క అక్కర్లేదని అనను, దాని దగ్గరికీ వస్తాను. కానీ నన్నడిగితే ముందు చూడాల్సింది వేరే ఉంది. సర్క్యూట్‌కి తాకించే ప్రోబ్ పక్కన చిన్న వైరుకి నల్ల క్రోకడైల్ క్లిప్పు ఒకటి వేలాడుతుంటుంది కదా, అది చివరికి ఎక్కడికి వెళ్లి కలుస్తోందో చూడాలి. చిన్న స్కోప్‌కీ పెద్ద స్కోప్‌కీ అసలు తేడా అక్కడే ఉంది. సైజు, బరువు ఆ తర్వాతి సంగతి.

ముందు బల్ల మీది స్కోప్ తీసుకుందాం. దాని ప్లగ్గుని గోడ నుంచి పూర్తిగా ఊడదీయండి. మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో (రెండు చోట్లు కలిసి ఉంటే బీప్ కొట్టే సెట్టింగు) పెట్టి, ఒక కొసని నల్ల క్లిప్పుకి, రెండో కొసని ప్లగ్గులోని ఎర్త్ పిన్నుకి తాకించండి. బీప్‌మని మోగుతుంది. అంటే ఆ క్లిప్పు, స్కోప్ ముందున్న గుండ్రటి బీఎన్‌సీ సాకెట్ బయటి లోహం, లోపలి ఛాసిస్ (లోహపు చట్రం), బిల్డింగ్ ఎర్త్ అన్నీ ఒక్కటే. ఒక్కో ప్రోబ్ తగిలే ఒక్కో ఇన్‌పుట్‌ని ఛానెల్ అంటారు. ఇప్పుడు మొదటి ఛానెల్ క్లిప్పు నుంచి రెండో ఛానెల్ క్లిప్పుకి చూడండి. మళ్లీ మోగుతుంది. మామూలు బెంచ్ స్కోప్‌లో నాలుగు ఛానెళ్లున్నా సరే, నల్ల క్లిప్పులన్నీ లోపల ఒకే చోట కలిసి ఉంటాయి.

మల్టీమీటర్ నల్ల వైరు అలా కాదు. దాన్ని సర్క్యూట్‌లో ఎక్కడ పెట్టినా రెండు చోట్ల మధ్య తేడా ఎంతో చెప్పి ఊరుకుంటుంది. బల్ల మీది స్కోప్ క్లిప్పుని తగిలించడమంటే ఆ పాయింటుని తీసుకెళ్లి ఎర్త్‌కి కట్టేయడమే. మీ ఆర్డుయినో బోర్డు యూఎస్‌బీ కేబుల్‌తో డెస్క్‌టాప్ కంప్యూటర్‌కి కలిపి ఉందనుకోండి. కంప్యూటర్‌కి ఎర్త్ ఉంది కాబట్టి బోర్డు గ్రౌండ్ అప్పటికే ఎర్త్‌కి చేరిపోయింది. నల్ల క్లిప్పుని 5 వోల్టుల పిన్నుకి తగిలించారంటే ఆ కరెంటు క్లిప్పు గుండా స్కోప్‌లోకి, అక్కణ్నుంచి గోడలోని ఎర్త్‌లోకి వెళ్లి, చుట్టూ తిరిగి కంప్యూటర్‌కే వచ్చి షార్ట్ అవుతుంది. అదే బోర్డు బ్యాటరీ మీద నడుస్తుంటే ఏమీ కాదు. సర్క్యూట్ అదే, క్లిప్పు పెట్టిన చోటు అదే, ఒకసారి ఏమీ కాలేదు కదా అని రెండోసారి ధైర్యం చేస్తే యూఎస్‌బీ పోర్టు పోతుంది.

5 వోల్టుల దగ్గర పోయేది పోర్టే. ఛార్జర్లు, కంప్యూటర్ పవర్ సప్లైల లోపల సంగతి వేరు. 230 వోల్టుల ఏసీ నాలుగు డయోడ్ల బ్రిడ్జి దాటాక పెద్ద కెపాసిటర్ మీద దాదాపు 325 వోల్టుల డీసీ నిలబడుతుంది. ఆ కెపాసిటర్ మైనస్ కాలు చూస్తే ఎవరికైనా గ్రౌండే అనిపిస్తుంది. కానే కాదు. ప్రతి సైకిల్లో సగం సేపు ఆ కాలు ఒక డయోడ్ మీదుగా ఫేజ్‌కి కలిసి ఉంటుంది. నల్ల క్లిప్పు అక్కడ పెడితే ఇక ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒక డయోడ్, ఆ క్లిప్పు తప్ప అడ్డేమీ ఉండదు. డయోడ్ పేలుతుంది, క్లిప్పు పళ్లు కరుగుతాయి, బ్రేకర్ పడిపోతుంది.

దీనికి కొందరు చేసే వైద్యం ఏమిటంటే స్కోప్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేయడం. ఎంత అనుభవజ్ఞులు చెప్పినా ఈ మాట వినకండి. షార్ట్ అవ్వదు, నిజమే. కానీ అప్పుడు స్కోప్‌లో చేతికి తగిలే లోహమంతా, రెండో ప్రోబ్ క్లిప్పుతో సహా, ఆ 325 వోల్టుల సర్క్యూట్‌లో భాగమైపోతుంది. సరైన దారులు వేరే ఉన్నాయి. ఎర్త్‌తో పని లేకుండా రెండు పాయింట్ల మధ్య తేడానే కొలిచే డిఫరెన్షియల్ ప్రోబ్ ఒకటి. రెండు ప్రోబుల కొసలని రెండు పాయింట్ల దగ్గర పెట్టి, నల్ల క్లిప్పులని సర్క్యూట్‌కి తగిలించకుండా వదిలేసి, స్కోప్‌లోని మ్యాథ్ మెనూతో ఒకదాంట్లోంచి రెండోది తీసేయడం ఇంకొకటి. ప్రోబ్ ఎన్ని వోల్టులు తట్టుకుంటుందో చూసుకున్నాకే సుమా. మూడోది, ఇలాంటి పనుల కోసమే తయారైన హ్యాండ్‌హెల్డ్ స్కోప్.

ఆ హ్యాండ్‌హెల్డ్‌లో బ్యాటరీ ఉంటుంది, ఒళ్లంతా ప్లాస్టిక్, ఎర్త్‌కి దారే లేదు. ఫ్లూక్ కంపెనీ స్కోప్‌మీటర్ 190 సిరీస్ లాంటివాటిలో ఛానెల్‌కీ ఛానెల్‌కీ మధ్య కూడా ఐసొలేషన్, అంటే కరెంటుకి దారి లేని విడదీత, ఉంటుంది. మోటార్లని నడిపే డ్రైవ్ ప్యానెళ్ల దగ్గర ఒక ప్రోబ్ ఒక ఫేజ్ మీద, ఇంకో ప్రోబ్ వేరే చోట పెట్టి రెండూ ఒకేసారి చూడొచ్చు. ఇన్‌పుట్ పక్కన క్యాట్ 3 1000 వోల్టులు, క్యాట్ 4 600 వోల్టులు అని అచ్చువేసి ఉంటుంది. ఐఈసీ 61010 అనే అంతర్జాతీయ ప్రమాణం నుంచి వచ్చిన మాటలివి. సాకెట్లో పెట్టే పరికరాలు క్యాట్ 2 కిందికి, బిల్డింగ్‌లోని డిస్ట్రిబ్యూషన్ బోర్డూ వైరింగూ క్యాట్ 3 కిందికి, బయటి నుంచి సప్లై వచ్చే చోటు క్యాట్ 4 కిందికి వస్తాయి. సప్లై మొదలుకి దగ్గరయ్యే కొద్దీ పిడుగులాంటి వాటివల్ల వచ్చే సర్జ్‌ల బలం ఎక్కువ కాబట్టి అంకె పెరుగుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. బ్యాటరీ మీద నడిచేవన్నీ ఇలాంటివి కావు. అరచేతిలో పట్టే చౌక స్కోప్‌లు చూడండి. వాటి బీఎన్‌సీ సాకెట్ బయటి లోహం బోడిగా బయటికే ఉంటుంది. దాని క్లిప్పుని 300 వోల్టుల మీద పెడితే స్కోప్ ఎర్త్‌కి తగలకుండా చక్కగా తేలుతూనే ఉంటుంది, ఆ 300 వోల్టులు మాత్రం మీ బొటనవేలి పక్కకి వచ్చి కూర్చుంటాయి. ఛార్జింగ్ కోసం పెట్టిన యూఎస్‌బీ పోర్టు ఇంకో దొంగదారి. స్కోప్ ఆపేసి, ప్రోబ్ ఎక్కడా తగిలించకుండా, మల్టీమీటర్‌తో నల్ల క్లిప్పు నుంచి ఆ పోర్టు బయటి లోహానికి కంటిన్యుటీ చూడండి. బీప్ వచ్చిందంటే, కేబుల్‌తో కంప్యూటర్‌కి తగిలించిన క్షణం నుంచి అది కూడా ఎర్త్ ఉన్న స్కోపే. కొలిచేటప్పుడు ఛార్జింగ్ తీసేయడం అందుకే. రెండు ఛానెళ్లున్న చిన్నవాటిలో క్లిప్పులు లోపల కలిసే ఉంటే రెండు క్లిప్పులనీ వేర్వేరు పాయింట్లకి పెట్టడానికీ కుదరదు.

మీ వయసులో మెయిన్స్ (గోడలోని 230 వోల్టుల కరెంటు) వైపు అసలు వెళ్లొద్దనే అంటాను. బ్యాటరీ సర్క్యూట్లలోనే నేర్చుకోవాల్సింది బోలెడుంది.

ఇప్పుడు మీకిష్టమైన మెగాహెర్ట్జ్‌లు. 100 మెగాహెర్ట్జ్ స్కోప్ అంటే 100 మెగాహెర్ట్జ్ సైన్ వేవ్‌ని ఉన్నదున్నట్టు చూపిస్తుందని కాదు. ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎత్తు దాదాపు 70 శాతానికి పడిపోతుందని. ఆ అంకెనే బ్యాండ్‌విడ్త్ అంటారు. 0.35ని బ్యాండ్‌విడ్త్‌తో భాగిస్తే ఆ స్కోప్ చూపగలిగే అతి వేగమైన అంచు, అంటే సిగ్నల్ కింది నుంచి పైకి ఎగరడానికి పట్టే సమయం, ఎంతో వస్తుంది. 100 మెగాహెర్ట్జ్‌కి 3.5 నానోసెకన్లు. చౌక హ్యాండ్‌హెల్డ్‌లలో చాలా కనిపించే 200 కిలోహెర్ట్జ్‌కి 1.75 మైక్రోసెకన్లు. దీంతో ఏం చూడొచ్చో మీరే లెక్కేయండి. సర్వో మోటారు పల్సు 1 నుంచి 2 మిల్లీసెకన్లు ఉంటుంది, హాయిగా కనిపిస్తుంది. 9600 బాడ్ (సెకనుకి 9600 బిట్లు) సీరియల్‌లో ఒక్కో బిట్ 104 మైక్రోసెకన్లు, అదీ బాగానే ఉంటుంది. 115200 బాడ్‌కి వెళ్తే బిట్ 8.7 మైక్రోసెకన్లు, మూలలు గుండ్రబడతాయి కానీ చదవొచ్చు. చిప్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఐ2సీ లైనులో 400 కిలోహెర్ట్జ్ క్లాక్ పెడితే చతురస్రాలు పోయి చిన్న చిన్న గుట్టలు మిగులుతాయి. మీ సర్క్యూట్‌లో తప్పేం లేకపోయినా సరే.

గుండ్రబడితే కనీసం అనుమానం వస్తుంది. అనుమానమే రాకుండా మోసం చేసేది శాంపిలింగ్, అంటే సిగ్నల్‌ని ఆగి ఆగి కొలిచి ఆ అంకెలు దాచుకోవడం. సెకనుకి 10 లక్షల శాంపిళ్లు తీసే స్కోప్‌కి 990 కిలోహెర్ట్జ్ సిగ్నల్ ఇస్తే తెర మీద ఎత్తు తగ్గినా నున్నటి 10 కిలోహెర్ట్జ్ వేవ్ కనిపిస్తుంది. ఎక్కడా వంక పెట్టలేం. పెద్ద స్కోప్‌లకీ ఈ జబ్బు ఉంది. మెమరీ ఉన్నంతలోనే శాంపిళ్లు దాచాలి కాబట్టి టైమ్‌బేస్ (తెర అడ్డంగా ఎంత సమయం చూపాలో చెప్పే సెట్టింగు) నెమ్మది చేసే కొద్దీ స్కోప్ తన శాంపిలింగ్ వేగాన్ని తగ్గించుకుంటుంది. తెర మొత్తం 10 మిల్లీసెకన్లు, మెమరీ 1000 శాంపిళ్లే అయితే సెకనుకి లక్షే దక్కుతాయి. అదే 10 లక్షల శాంపిళ్లు పట్టే మెమరీ ఉంటే సెకనుకి 10 కోట్లు తీసుకోవచ్చు. బల్ల మీది స్కోప్‌కి నేను డబ్బు పెట్టమనేది దీనికే. అనుమానం వస్తే టైమ్‌బేస్ నాబ్ రెండు మెట్లు తిప్పండి. స్కోప్ చెప్పే ఫ్రీక్వెన్సీ మారిపోతే ఆ వేవ్ అబద్ధం.

ఒక తెర గీయడానికీ మరో తెర గీయడానికీ మధ్య ప్రతి డిజిటల్ స్కోప్ రెప్ప వేస్తుంది. మంచి బెంచ్ మోడల్ సెకనుకి వేల కొద్దీ తెరలు గీస్తుంది, చిన్నది కొన్నే గీస్తుంది. ఎప్పుడో ఒకసారి వచ్చే తప్పు పల్సు చిన్నదాని రెప్పపాటులో జారిపోయే అవకాశం ఎక్కువ. అనుకున్న పల్సు రాగానే ఒక్కసారి పట్టి తెరని ఆపేసే సింగిల్ ట్రిగ్గర్ పెట్టుకుని కాపు కాస్తే కొంత మేలు.

బ్యాండ్‌విడ్త్ పెరిగితే అన్నీ సుఖాలే అనుకోకండి. నల్ల క్లిప్పు వైరు 15 సెంటీమీటర్లు ఉంటే దాని ఇండక్టెన్స్ దాదాపు 150 నానోహెన్రీలు. ప్రోబ్ కొసలో 12 పికోఫారడ్లు ఉందనుకుంటే రెండూ కలిసి దాదాపు 120 మెగాహెర్ట్జ్ దగ్గర గంటలా మోగుతాయి. 200 మెగాహెర్ట్జ్ స్కోప్‌లో ప్రతి అంచు పక్కనా అలలు కనిపించి సర్క్యూట్‌లో లోపముందేమో అని టెన్షన్ పెడతాయి. ప్రోబ్ తొడుగు లాగేసి, దానితో పాటు వచ్చే చిన్న గ్రౌండ్ స్ప్రింగు తగిలిస్తే చాలావరకు మాయమవుతాయి. 200 కిలోహెర్ట్జ్ బుల్లి స్కోప్‌కి ఆ గొడవే తెలియదు.

బుల్లిది గెలిచే చోట్లూ ఉన్నాయి. నిచ్చెన మీద, కారు బానెట్ కింద, ప్యానెల్ ముందు నిలబడి చూడాలంటే పెద్దదాన్ని మోసుకెళ్లలేం. యాంప్లిఫయర్‌లో హమ్ వెతికేటప్పుడు ఎర్త్ ఉన్న స్కోప్‌ని తగిలిస్తే ఎర్త్ మీదుగా కొత్త లూప్ ఏర్పడి అదనపు హమ్ రావచ్చు. బ్యాటరీ స్కోప్‌తో ఆ బాధ లేదు.

నేర్చుకోవడానికైతే బల్ల మీదిదే కొనమంటాను, వాడేసినదైనా ఫర్వాలేదు. ప్రతి పనికీ ఒక నాబ్ ఉంటుంది. వోల్ట్స్, టైమ్, ట్రిగ్గర్ లెవెల్ చేత్తో తిప్పుతుంటే ఏది మారితే ఏం మారుతుందో వేళ్లకి తెలుస్తుంది. మెనూల్లో బటన్లు నొక్కుతూ, ఆటో బటన్ మీదే బతికేవాళ్లకి అది ఎప్పటికీ రాదు. 50 నుంచి 100 మెగాహెర్ట్జ్, రెండు ఛానెళ్లు ఉంటే సరిపోతుంది. రెండు ఛానెళ్ల దగ్గర మాత్రం రాజీ పడొద్దు. ఒకదాని మీద ఇన్‌పుట్, ఇంకోదాని మీద అవుట్‌పుట్ పక్కపక్కన చూస్తేనే సర్క్యూట్ ఏం చేస్తోందో తెలిసేది. ప్రోబ్ రాగానే దాని స్విచ్చుని 10ఎక్స్‌లో (సిగ్నల్‌ని పదో వంతుకి తగ్గించేది) పెట్టి, స్కోప్ ముందుండే స్క్వేర్ వేవ్ పిన్నుకి తగిలించి, ప్రోబ్ మీది చిన్న స్క్రూ తిప్పండి. పైగీత మూల గుండ్రంగా ఉంటే సరిచేయడం చాల్లేదు, ముక్కులా పొడుచుకొస్తే ఎక్కువైంది, బల్లపరుపుగా అయ్యాక వదిలేయండి. ప్రోబ్‌ని వేరే ఛానెల్‌కి మార్చినప్పుడల్లా ఈ పని మళ్లీ చేయాలి.

ఉంటాను,
మీ పెదనాన్న