మాస్ సరిపోతే పేరు దొరికినట్టేనా? మెటబోలైట్ల గుర్తింపులో అపోహలు - వాస్తవాలు

మాస్ స్పెక్ట్రోమీటర్ (అణువుల బరువు, అంటే మాస్, కొలిచే పరికరం) నుంచి వచ్చిన పీకుల (సంకేతాల) జాబితాని డేటాబేస్‌లో వేయడం, అది మొదట చూపించిన పేరుని పట్టికలో ఎక్కించేయడం, ఆ పేరు మీద మొత్తం జీవరసాయన కథ అల్లేయడం... మా రంగంలో, అంటే జీవకణాల్లో ఉండే చిన్న అణువులైన మెటబోలైట్లని గుర్తించే పనిలో, ఇది మామూలైపోయింది. కొత్తగా వచ్చేవాళ్లు దీన్నే పద్ధతి అనుకుంటున్నారు, అందుకే రాస్తున్నాను.

అపోహ: నాలుగో దశాంశం దాకా మాస్ కలిసింది, ఇక అనుమానం ఎందుకు?

కలిసింది ఫార్ములా, అణువు కాదు. పాజిటివ్ మోడ్‌లో (అణువుకి ప్రోటాన్ అంటుకుని ధనావేశంతో కనిపించే పద్ధతిలో) 189.1234 దగ్గర ఒక పీక్ వచ్చిందనుకోండి. ప్రోటాన్ తీసేస్తే 188.1161, అంటే 8 కార్బన్లు, 16 హైడ్రోజన్లు, 2 నైట్రోజన్లు, 3 ఆక్సిజన్లు. డేటాబేస్ గ్లైసిల్-ల్యూసిన్ అంటుంది. కానీ ల్యూసిల్-గ్లైసిన్‌దీ అదే ఫార్ములా. ల్యూసిన్ బదులు ఐసోల్యూసిన్ పెడితే ఇంకో రెండు. అలనిల్-వాలిన్, వాలిల్-అలనిన్ కూడా అక్కడే ఉంటాయి. ఇవి చాలవన్నట్టు, డైపెప్టైడే (రెండు అమైనో ఆమ్లాల జంట) కాని ఎసిటైల్-లైసిన్ కూడా సరిగ్గా అంతే. మొత్తం ఏడు పేర్లు, ఒకే మాస్. గ్లైసిల్-గ్లైసిన్ అయితే ఆస్పరాజిన్‌తో, అలనిల్-గ్లైసిన్ గ్లూటమిన్‌తో చివరి దశాంశం దాకా సమానం. ఇరవై అమైనో ఆమ్లాలతో 400 డైపెప్టైడ్లు రాయొచ్చు కానీ, వరుస మారినంత మాత్రాన మాస్ మారదు, ల్యూసిన్‌కీ ఐసోల్యూసిన్‌కీ మాస్ ఒకటే, కాబట్టి విడివిడి మాస్‌లు అందులో సగం దాకా కూడా రావు.

అపోహ: ఇంకా మంచి ఇన్‌స్ట్రుమెంట్ ఉంటే ఈ గొడవే ఉండదు.

ఐసోమర్ల (ఒకే ఫార్ములా ఉన్న వేర్వేరు అణువుల) మధ్య మాస్ తేడా సున్నా. సున్నాని ఏ రిజల్యూషనూ విడదీయలేదు. అలాగని కచ్చితత్వం దండగ అని కాదు, అది చేయగలిగిన పని చాలానే ఉంది. ఎసిటైల్-లైసిన్‌కీ ట్రైమిథైల్-లైసిన్‌కీ తేడా 0.0364, గ్లూటమిన్‌కీ లైసిన్‌కీ అంతే. పూర్ణాంకం వరకే చూసే పరికరంలో ఈ జంటలు కలిసిపోతాయి, హై రిజల్యూషన్‌లో సుబ్బరంగా విడిపోతాయి. కాకపోతే ఫార్ములా తేల్చడానికి కూడా మాస్ ఒక్కటే సరిపోదు, 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) కంటే తక్కువ తప్పు ఉన్నా చాలదని కైండ్, ఫీన్ అనే పరిశోధకులు 2006లోనే చూపించారు. ఐసోటోప్ ప్యాటర్న్ (బరువైన కార్బన్-13 లాంటి వాటి వల్ల పక్కనే వచ్చే చిన్న పీకుల తీరు) కూడా చూడాలి: ఒక్కో కార్బన్‌కి దాదాపు 1.1 శాతం చొప్పున, 8 కార్బన్లుంటే పక్క పీక్ అసలు పీక్‌లో సుమారు 9 శాతం ఉండాలి. 20 శాతం కనిపిస్తే ఆ ఫార్ములాని అక్కడే పక్కన పెట్టేయండి.

అపోహ: సీసా మీద ఉన్న మాలిక్యులర్ వెయిట్‌తో పోల్చుకోవచ్చు.

అది ఐసోటోపులన్నీ కలిపిన సగటు బరువు. గ్లైసిల్-ల్యూసిన్‌కి 188.23 అని ఉంటుంది, మనం వెతకాల్సింది 188.1161. ఇంకోటి, ప్రోటాన్ కలిపేటప్పుడు 1.00728 కలపాలి, హైడ్రోజన్ పరమాణువు బరువు 1.00783 కాదు. తేడా ఒక్క ఎలక్ట్రానే అయినా ఈ మాస్ దగ్గర అది దాదాపు 3 పీపీఎం, అంటే మనం పెట్టుకునే 5 పీపీఎం హద్దులో సగానికి పైగా దానికే పోతుంది.

అపోహ: ఒక్కో పీక్ ఒక్కో మెటబోలైట్.

సోడియం అంటుకుంటే అదే అణువు 21.9819 పైన ఇంకోసారి కనిపిస్తుంది. గ్లూటమిన్ అయితే అయాన్ సోర్స్‌లోనే (అణువులకి ఆవేశం ఇచ్చే భాగంలోనే) అమ్మోనియా పోగొట్టుకుని 130.0499 దగ్గర తేలుతుంది, అది అచ్చం పైరోగ్లూటమిక్ ఆమ్లం మాస్. గ్లూటమిన్ కాలమ్ (అణువుల్ని ముందుగా విడదీసే గొట్టం) నుంచి బయటికొచ్చే సమయంలోనే, అదే ఆకారంలో ఈ పీక్ కూడా వస్తుంటే మీ శాంపిల్‌లో పైరోగ్లూటమేట్ పెరిగిందని దయచేసి రాయకండి.

అపోహ: ఎమ్మెస్-ఎమ్మెస్ (అణువుని విరగ్గొట్టి ముక్కల మాస్ కొలవడం) చేస్తే తేలిపోతుంది.

చాలావరకు తేలుతుంది. 189.1234నే విరగ్గొడితే, కార్బాక్సిల్ చివర ఉన్న అమైనో ఆమ్లం ప్రోటాన్‌తో విడిగా వస్తుంది: ల్యూసిన్ అయితే 132.1019, గ్లైసిన్ అయితే 76.0393, వాలిన్ 118.0863, అలనిన్ 90.0550. ఎసిటైల్-లైసిన్ 126.0913తో బయటపడుతుంది. 86.0964 దగ్గర వచ్చే ముక్క ఒక్కటే చూసి వరుస చెప్పకూడదు, ల్యూసిన్ ఏ చివర ఉన్నా అది వస్తుంది. అసలు చిక్కు ల్యూసిన్, ఐసోల్యూసిన్‌లతోనే. మామూలు ఎనర్జీలో రెండిటి ముక్కలూ దాదాపు ఒకేలా ఉంటాయి. అక్కడ అసలైన స్టాండర్డ్ (ఆ పదార్థపు శుద్ధమైన నమూనా) కొని, అదే కాలమ్ మీద, అదే మెథడ్‌లో నడిపి రిటెన్షన్ టైమ్ (కాలమ్ నుంచి బయటికొచ్చే సమయం) పోల్చడం తప్ప దగ్గర దారి నాకు తెలిసి లేదు. మెటబోలోమిక్స్ స్టాండర్డ్స్ ఇనిషియేటివ్ 2007లో పెట్టిన మొదటి స్థాయి గుర్తింపు కూడా ఇదే అడుగుతుంది: అసలు పదార్థంతో, అవే పరిస్థితుల్లో, ఒకదానిమీద ఒకటి ఆధారపడని కనీసం రెండు కొలతలు కలవాలి.

స్టాండర్డ్ దొరకకపోతే పట్టికలో "గ్లైసిల్-ల్యూసిన్ లేదా గ్లైసిల్-ఐసోల్యూసిన్" అని రాయండి. ముక్కలు కూడా లేకపోతే ఫార్ములా, మాస్, రిటెన్షన్ టైమ్ రాసి పేరు గడి ఖాళీగా వదిలేయండి. రివ్యూయర్ అడుగుతాడేమోనని టెన్షన్ పడి పేరు పెట్టకండి. ఆ పట్టిక చూసి ఇంకో ల్యాబ్‌లో ఎవరో ఒక స్టూడెంట్ ఏడాది పని ప్లాన్ చేసుకుంటారు.